లూయీ పాశ్చరు

పాలలో కొంచెము మజ్జిగ తోడుపెట్టి ఉంచిన మఱునాటికి గట్టి పెరుగగును. రుబ్బిన పిండి ఒక రాత్రిలో పులిసి పొంగును. తాటిచెట్టునుండి దింపిన తీయని నీరు ఎండ ముదురు వేళకు పులిసి నురుగు గట్టును. ఇవి మన యిండ్లలోను ఊళ్లలోను నిత్యము జరుగు వింతలు. తోడుపెట్టు గృహిణికి ఆ పని ఎట్లు చేయవలయునో తెలియును. కాని పాలలో దాగి ఆ పని చేయునది ఏదియో చిరకాలము లోకమున ఎవరికిని తెలియలేదు.

ఐరోపా ఖండమున ఇట్టి వింతలలో మిక్కిలి ప్రసిద్ధమైనది యవలనుండి చేయు బీరు అను పానీయము. అది చాల ప్రాచీనమైనది. సుమారు 5,000 ఏండ్ల క్రిందటనే మెసపొటేమియాలోని సుమేరు ప్రజలు దానిని చేయుచుండిరి. ఈజిప్టులో పిరమిడ్లను గట్టిన పనివాండ్రకు రొట్టెతోపాటు బీరును కూలిలో భాగముగ నిచ్చుచుండిరి. మధ్యయుగములలో ఐరోపాలోని క్రైస్తవ మఠవాసులు హాప్స్ అను తీగ పూవులను వేసి దానిని కాచు పద్ధతిని వ్యాపింపజేసిరి. ఆ పూవులవలన పానీయమునకు చేదును సువాసనయు కలుగుటయే గాక, అది త్వరగ చెడకుండను ఉండును. 1516వ సంవత్సరమున జర్మనీలోని బవేరియా ప్రభువులు బీరును యవలు, హాప్స్, నీరు అను మూడింటితోనే చేయవలెనని శాసించిరి. ఆ శాసనములో నాలుగవ వస్తువు పేరు లేదు. ఆ నాలుగవదియే ఈస్టు. అది లేనిచో బీరు లేదు. అయినను దాని స్వభావము నెఱిగినవారు ఆనాడు లేరు. తొట్టి అడుగున చేరు మడ్డిగనో, పైకి తేలు నురుగుగనో దానిని చూచుచు, ఒకమాఱు మిగిలినదానిని మఱియొకమాఱు కలుపుకొనుచు వచ్చిరి. ఇంగ్లండులో దానికి దైవానుగ్రహము అను అర్థము వచ్చు పేరు కూడ ఉండెడిది. పని చక్కగ సాగినచో అది దైవానుగ్రహము. తొట్టి చెడినచో దైవాగ్రహము. అంతకు మించి విచారించువారు లేకపోయిరి.

మద్యపానము దేహమునకును సంసారమునకును చేటు తెచ్చునని పెద్దలు చెప్పుమాట సత్యము. కాని ఆ మద్యపు తొట్టిలో దాగియున్న రహస్యమును వెదకుచు పోయి, మానవజాతిని అనేక రోగములనుండి కాపాడు మార్గమును చూపిన మహనీయుడొకడు గలడు. అతడే లూయీ పాశ్చరు.

పాశ్చరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశమున జూరా పర్వత ప్రాంతములోని దోల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సేనలో సార్జెంటుగ పనిచేసి గౌరవ పతకమును పొందినవాడు. యుద్ధములు ముగిసిన పిదప అతడు తోళ్ళు పదునుచేయు వృత్తి నవలంబించి, కొంతకాలమునకు అర్బువా అను ఊరిలో స్థిరపడెను. బాలుడైన లూయీ చదువులో ఆరంభమున అంతగ ప్రకాశింపలేదు. అతని కానాడు చిత్రలేఖనమునందు మక్కువ ఎక్కువ. తల్లిదండ్రుల చిత్తరువులను రంగుసుద్దలతో చక్కగ వ్రాసెను. 1838లో పై చదువులకై పారిస్ నగరమునకు పంపగా, ఇంటిమీద బెంగచే కొలదికాలములోనే తిరిగి వచ్చెను. 1842లో శాస్త్రపరీక్షయందు ఉత్తీర్ణుడైనను, రసాయనశాస్త్రములో అతనికి సామాన్యుడను గుణపత్రమే లభించెను. అతడు నిరుత్సాహపడలేదు. మరల శ్రమించి, 1843లో పారిస్ నగరములోని ఎకోల్ నార్మాల్ అను ప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశించెను. సామాన్యుడనిపించుకొన్న ఆ శాస్త్రములోనే 1848లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, టార్టారిక్ ఆమ్లపు స్ఫటికములను గూర్చి పండితులు మెచ్చు సత్యమును కనుగొనెను. మఱుసటి యేడు స్ట్రాస్‌బర్గు నగరమున మరీ లోరెంత్ అను సుగుణవతిని పెండ్లాడెను. ఆమె అతని గృహమునకే గాక అతని పరిశోధనలకును తోడై నిలిచెను. రాత్రులు అతడు చెప్పుచుండగా శాస్త్రవిషయములను ఆమెయే వ్రాసిపెట్టుచుండెడిది.

1854లో పాశ్చరు ఉత్తర ఫ్రాన్సులోని లీల్ పట్టణమునకు శాస్త్రవిభాగపు అధ్యక్షుడుగ వెళ్లెను. ఆ ప్రాంతమున బీటుదుంపల రసమును పులియబెట్టి మద్యసారమును తీయు కర్మాగారములు పెక్కు గలవు. 1856లో బీగో అను కర్మాగారపు యజమాని పాశ్చరు కడకు వచ్చెను. అతని కుమారుడు పాశ్చరునకు శిష్యుడు. బీగో తొట్టెలలో కొన్నింట రసము సరిగా పులియక పాడగుచుండెను. దానివలన అతనికి గొప్ప నష్టము వాటిల్లుచుండెను. కారణము తెలియలేదు. గొప్ప పండితుడు కర్మాగారపు మురికి తొట్టెల కడకు పోవుట ఏమని పాశ్చరు తలపలేదు. ప్రతిదినము అక్కడికి పోయి, తొట్టెలలోని రసమును సీసాలలో తెచ్చి సూక్ష్మదర్శినితో పరీక్షించెను.

ఆ కాలమున పులియుటను గూర్చి పండితులలో గొప్ప వివాదము నడచుచుండెను. 1680లోనే హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో బీరులోని ఈస్టు బిందువులను చూచెను. కాని అవి ప్రాణము గలవని అతనికి తోచలేదు. 1789లో ఫ్రాన్సు పండితుడు లవాజియే, చక్కెర విడిపోయి మద్యసారముగను బొగ్గుపులుసు వాయువుగను మాఱునని తూచి నిరూపించెను. ఆ మార్పును కలిగించునది ఏదియో అతడు చెప్పలేదు. 1837 ప్రాంతమున ఫ్రాన్సులో కాన్యార్ దె లా తూర్, జర్మనీలో ష్వాన్ మున్నగువారు ఈస్టు సజీవమనియు, అది మొగ్గలు తొడిగి పెరుగుచున్నదనియు ప్రకటించిరి. కాని జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడగు లీబిగ్ దానిని అంగీకరింపలేదు. ఈస్టు కుళ్లిపోవునప్పుడు కలుగు కదలికయే చక్కెరను విడగొట్టునని అతని వాదము. లీబిగ్ పక్షమువారు 1839లో ఒక హాస్యరచన కూడ ప్రకటించిరి. అందులో ఈస్టు అనునది చక్కెరను మింగి మద్యసారమును విసర్జించు చిన్న జంతువుగ వర్ణింపబడెను. చదువరులు నవ్వుకొనిరి. సత్యము ఆ నవ్వులో మఱుగుపడెను.

పాశ్చరు సూక్ష్మదర్శినిలో చూడగా, చక్కగ పులియుచున్న రసములో గుండ్రని ఈస్టు కణములు మొగ్గలు తొడుగుచుండెను. చెడిపోయిన తొట్టెల రసములో వానికి మాఱుగ మిక్కిలి చిన్నవియైన పుల్లలవంటి జీవులు కదలాడుచుండెను. ఆ రసములో మద్యసారము తక్కువ. పులుపు నిచ్చు లాక్టిక్ ఆమ్లము ఎక్కువ. మన పెరుగునకు పులుపు నిచ్చునదియు ఆ ఆమ్లమే. అప్పుడు పాశ్చరునకు సత్యము స్ఫురించెను. ఈస్టు ఒక జీవి; అది మద్యసారమును పుట్టించును. ఆ పుల్లలవంటిది వేఱొక జీవి. అది ఆమ్లమును పుట్టించును. ఏ జీవి చేరిన ఆ పని జరుగును. పైరులో కలుపు పెరిగినట్లు, ఈస్టు ఉండవలసిన చోట వేఱు జీవి పెరుగుటయే తొట్టి చెడుటకు కారణము. 1857లో ఈ విషయమును అతడు లోకమునకు తెలియజేసెను.

ఆ యేడే అతడు పారిస్ నగరమునకు మరలి వచ్చి, ఎకోల్ నార్మాల్‌లో శాస్త్రవిద్యల పర్యవేక్షకుడయ్యెను. అక్కడ పరిశోధనాగారముగ వాడుకొనుటకు అతనికి లభించినది మేడపై కప్పు క్రిందనున్న రెండు చిన్న గదులు. వేసవిలో అవి కొలిమివలె కాగుచుండెడివి. అందులోనే అతడు లీబిగ్ వాదమును పరీక్షకు పెట్టెను. శుద్ధమైన నీటిలో చక్కెరను, కొంచెము అమ్మోనియా లవణమును, ఈస్టును కాల్చిన బూడిదను కలిపి, అందులో సూదిమొన యంత సజీవమైన ఈస్టును వేసెను. ఆ ద్రవములో కుళ్లుటకు తగిన పదార్థ మేదియు లేదు. అయినను ఈస్టు పెరిగెను, చక్కెర మద్యసారమాయెను. 1860లో ఈ ప్రయోగమును ప్రకటించెను. మఱుసటి యేడు ఇంకొక వింతను కనుగొనెను. గాలి లేకయే బ్రతుకగల సూక్ష్మజీవులు కొన్ని కలవు. ఈస్టు సైతము గాలి సమృద్ధిగ నున్న తాను పెరుగును గాని మద్యసారమును స్వల్పముగనే చేయును. గాలి లేనిచోట చక్కెరను విడగొట్టి ఆ శక్తితో జీవించును.

ఈ సూక్ష్మజీవులు ఎక్కడనుండి వచ్చుచున్నవి అను ప్రశ్న అప్పుడు పుట్టెను. అవి ఆహారద్రవములలో తమంతట తామే జనించునని పలువురి నమ్మకము. పాశ్చరు హంస మెడవలె సన్నగ వంపులు తిరిగిన గొట్టము గల గాజుకూజాలలో రసమును పోసి మఱగించెను. గాలి లోనికి పోవుచుండెను గాని ధూళి ఆ వంపులలోనే చిక్కుకొని నిలిచిపోయెను. రసము నెలల తరబడి చెడలేదు. మెడ విఱిచినంతనే కొలదిదినములలో చెడెను. 1860లో అతడు ఆల్ప్స్ పర్వతముల మంచునదికడకు ఇరువది సీసాలను మోసికొనిపోయి, ఆ నిర్మలవాయువులో తెఱచి మూసెను. వానిలో ఒక్కటి మాత్రమే చెడెను. జీవినుండియే జీవి పుట్టుననియు, చెడుగునకు బీజములు గాలిలోని ధూళితో వచ్చుచున్నవనియు ఇట్లు స్థిరపడెను.

తరువాత చక్రవర్తియగు మూడవ నెపోలియను కోరగా, పాశ్చరు ద్రాక్షసారాయము చెడుటకు గల కారణములను శోధించెను. అందును ఇట్టి జీవులే శత్రువులు. సారాయమును గాలి చొరకుండ 50, 60 డిగ్రీల నడుమ కొంతసేపు వెచ్చజేసినచో ఆ జీవులు నశించుననియు, రుచి చెడదనియు 1865 నాటికి నిరూపించెను. పాలు మున్నగువానిని ఇట్లు వెచ్చజేసి కాపాడు పద్ధతికి అతని పేరే నిలిచి, పాశ్చరైజేషన్ అను మాట లోకమంతట వ్యాపించెను.

కీర్తితోపాటు దుఃఖమును అతని వెంట నడచెను. 1859లో పెద్దకూతురు టైఫాయిడు జ్వరముతో మరణించెను. 1865లో తండ్రియు, రెండేండ్ల చిన్నకూతురును పోయిరి. 1866లో పండ్రెండేండ్ల మఱియొక కూతురును టైఫాయిడే బలిగొనెను. పట్టుపురుగుల రోగములను శోధించుచుండగా 1868 అక్టోబరు 19న పాశ్చరునకు పక్షవాతము వచ్చి, ఎడమచేయియు ఎడమకాలును పడిపోయెను. అప్పటికి అతనికి నలువదియైదేండ్లు. అతడిక లేవడని కొందఱు తలచిరి. అతడు లేచెను, చేతికఱ్ఱ సాయమున పరిశోధనాగారమునకు నడచెను.

1870 వేసవిలో ఇటలీ వైపునుండి తిరిగి వచ్చుచు, పాశ్చరు జర్మనీలోని మ్యూనిక్ నగరమున దిగి లీబిగ్‌ను దర్శించెను. చిరకాల వివాదమును ముఖాముఖి తీర్చుకొనవలెనని అతని కోరిక. వృద్ధుడైన లీబిగ్ మర్యాదతో ఆదరించెను గాని, అనారోగ్యముచే చర్చకు ఇష్టపడలేదు. ఇద్దఱు శాస్త్రజ్ఞుల నడుమ జరుగని ఆ సంభాషణము జరిగినచో ఎట్లుండెడిదో గాని, కొలదిదినములలోనే వారి దేశముల నడుమ ఫిరంగులు మాటలాడెను. జూలై 19న ఫ్రాన్సు ప్రష్యాపై యుద్ధము ప్రకటించెను. ఫ్రాన్సు ఘోరముగ ఓడెను. పారిస్ ముట్టడింపబడెను. శత్రువుల గుండ్లు అక్కడి శాస్త్ర ప్రదర్శనశాలపై పడినవని విని పాశ్చరు మండిపడెను. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయము 1868లో తనకిచ్చిన గౌరవ వైద్యపట్టమును 1871 జనవరిలో తిరిగి పంపివేసెను.

అతని ఏకైక కుమారుడు జాన్ బాప్తిస్త్ అప్పుడు సైన్యములో నుండెను. తూర్పుసేన ఓడి మంచులో వెనుదిరిగినదని తెలిసి, పాశ్చరు భార్యతోను కూతురితోను పాత బండిలో కుమారుని వెదకుచు బయలుదేరెను. దారిపొడవున మంచు, చలికి వణకుచు చింపిరిగుడ్డలతో నడచు సైనికులు. కాలీడ్చుకొనుచు ఆ తండ్రి ఎదురైన ప్రతివానిని కుమారుని గూర్చి అడుగుచు పోయెను. తుదకు పొంటార్లియే పట్టణమున కుమారుడు జబ్బుతో క్రుంగి, ప్రాణములతో కనబడెను. ఆ దినములలో పాశ్చరు హృదయమున జర్మనీపై కోపము పుండువలె సలుపుచుండెను.

ఆయుధము పట్టలేని అతడు తన విద్యతోనే దేశమునకు మేలు చేయదలచెను. జర్మనీ బీరునకు గొప్ప పేరు గలదు. యుద్ధములో ఫ్రాన్సు కోల్పోయిన అల్సాసు సీమయే బీరు కర్మాగారములకును హాప్స్ తోటలకును ప్రసిద్ధము. ఫ్రాన్సులో జర్మనీదానిని మించిన బీరును చేయింతునని అతడు సంకల్పించెను. వింత యేమన, అతనికి బీరుమీద రుచి లేదు. దాని రకములను నాలుకతో నిర్ణయించుటకు బెర్తెన్ అను మిత్రునిపై ఆధారపడవలసి వచ్చెడిది. ఆ మిత్రుడు మొదట మంచి బీరు చేసి చూపి, పిదప పాండిత్యము చెప్పుమని అతనిని పరిహసించుచుండెడివాడట. 1871లో పాశ్చరు క్లెర్మాంట్ నగరమున తన శిష్యుడు దుక్లో ఇంట నుండి, సమీపమున షమాలియేర్‌లోని ఒక చిన్న బీరు కర్మాగారమునకు పోయి పని ప్రారంభించెను.

బీరు చేయు విధము నిట చెప్పవలెను. మొదట యవలను నీట నానబెట్టి, నేలపై పఱచి మొలకెత్తింతురు. మొలక తలచూపునప్పుడు గింజలోని పిండిని చక్కెరగ మార్చగల ద్రవ్యములు అందులో పుట్టును. మొలకను పెరుగనీయక వేడిగాలితో ఎండబెట్టుదురు. దీనినే మాల్టు అందురు. మాల్టును నలుగగొట్టి, సుమారు 65 డిగ్రీల వేడిగల నీటిలో కొంతసేపు నిలిపినచో, పిండి చక్కెరగ మాఱి నీరు తీయనగును. ఆ రసమును వడగట్టి, హాప్స్ పూవులు వేసి, పెద్ద కాగులలో మఱగబెట్టుదురు. పిదప చల్లార్చి ఈస్టును చేర్తురు. ఈస్టు చక్కెరను మద్యసారముగను బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. ఆ వాయువే నురుగై పొంగును. ఈస్టులో ముఖ్యముగ రెండు తెగలు గలవు. ఒకటి 15, 20 డిగ్రీల వెచ్చదనమున పనిచేసి పైకి తేలును. ఇంగ్లండు బీరు ఇట్టిది. రెండవది 10 డిగ్రీలకు లోబడిన చలిలో మెల్లగ పనిచేసి అడుగున దిగును; జర్మనీ బీరు ఇట్టిది.

పాశ్చరు ఈ పనులన్నిటిని వరుసగ పరిశీలించి, ప్రమాదము ఎక్కడ నున్నదో గుర్తించెను. మఱగిన రసములో హానిచేయు జీవులు మిగులవు. కాని దానిని చల్లార్చుటకు వెడల్పైన తొట్టెలలో తెఱచి ఉంచుదురు. అప్పుడు గాలిలోని ధూళి అందులో పడును. పిదప చేర్చు ఈస్టు కూడ పాతతొట్టెలనుండి తెచ్చినదే యగుటచే, దానితోపాటు రోగబీజములును వచ్చును. బీరు పుల్లబడినను, తీగసాగినను, కంపుకొట్టినను, ప్రతి చెడుగునకును వేఱువేఱు సూక్ష్మజీవులు కారణములు. జర్మనీవారు మంచుగడ్డలను రాసులుగ తెచ్చి నేలమాళిగలను చల్లగ నుంచుట ఎందులకో కూడ అతనికి బోధపడెను. ఆ చలిలో ఈస్టు పనిచేయును గాని శత్రుజీవులు పెరుగజాలవు. తరతరములుగ వారు కారణ మెఱుగకయే మంచి మార్గమున నడచుచుండిరి. చల్లార్చునపుడు శుద్ధమైన గాలిని మాత్రమే తగులనిచ్చి, శుద్ధమైన ఈస్టును చేర్చు పద్ధతిని పాశ్చరు కల్పించి, 1871లో దానికి హక్కుపత్రము పొందెను. అట్లు చేసిన బీరునకు జాతి ప్రతీకారపు బీరు అను అర్థము గల పేరు పెట్టెను.

ఆ యేడు సెప్టెంబరులో అతడు లండను నగరమునకు పోయి, విట్‌బ్రెడ్ అను గొప్ప బీరు కర్మాగారమును దర్శించెను. అక్కడివారు తెచ్చి యిచ్చిన ఈస్టును సూక్ష్మదర్శినిలో చూచి, అందు శత్రుజీవులు మెండుగ నున్నవనియు, ఆ బీరు బాగుండదనియు చెప్పెను. వారు తెల్లబోయిరి. ఆ బీరును గూర్చి కొనువారినుండి ఫిర్యాదులు వచ్చుచున్నమాట నిజమని తుదకు ఒప్పుకొనిరి. ఒక వారము గడచి మరల పోవునప్పటికి, వారొక సూక్ష్మదర్శినిని కొని అప్పుడే వాడుచుండిరి. నాలుకయు ముక్కును తప్ప వేఱు సాధనము లేని వృత్తికి ఇట్లు క్రొత్తకన్ను వచ్చెను.

1876లో పాశ్చరు బీరును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. అది బీరు చేయువారి కొఱకు వ్రాసినదే యైనను, అందులోని భావము వారి తొట్టెలను దాటి పోయెను. బీరునకు వ్యాధి కలిగించునవి బయటినుండి చొచ్చు సూక్ష్మజీవులైనచో, మనుష్యులకు వ్యాధులు కలిగించునవి మాత్రము అట్టివి కాకుండునా? ఈ తలపు పాశ్చరు మనస్సున చిరకాలమునుండి నాటుకొని యుండెను. ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకొన్న తండ్రికి అది వట్టి శాస్త్రప్రశ్న కాదు. బ్రిటనులో లిస్టర్ అను శస్త్రవైద్యుడు పాశ్చరు రచనలను చదివి, పుండ్లు కుళ్లుటకును ఇట్టి జీవులే కారణమని ఊహించి, 1865 మొదలుకొని కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయుచు అనేకుల ప్రాణములను కాపాడుచుండెను. 1874లో అతడు కృతజ్ఞతతో పాశ్చరునకు లేఖ వ్రాసెను.

ఇక ప్రతీకారపు బీరు సంగతి. పాశ్చరు పద్ధతివలన ఫ్రాన్సు బీరు జర్మనీ బీరును జయింపలేదు. జ్ఞానము సరిహద్దులలో నిలుచునది కాదు. అతని సూక్ష్మదర్శినిని, శుభ్రతా నియమములను అన్ని దేశములవారును, జర్మనీవారును గూడ గ్రహించిరి. డెన్మార్కు దేశమున కోపెన్‌హేగన్ నగరములో కార్ల్స్‌బెర్గ్ బీరు కర్మాగారపు యజమానియగు జాకబ్‌సన్ పాశ్చరును మిక్కిలి గౌరవించినవాడు. అతడు పాశ్చరు శిలావిగ్రహమును చేయించుకొనెను. 1875లో ఒక పరిశోధనాగారమును స్థాపించి, అందు కనుగొన్న విషయములను దాచిపెట్టక లోకమునకు వెల్లడింపవలెనని నియమము చేసెను. అక్కడ పనిచేసిన హాన్సెన్ పేదకుటుంబమున పుట్టి, ఇండ్లకు రంగులు వేసి బ్రతికి, పిదప చదివి శాస్త్రజ్ఞుడైనవాడు. పాశ్చరు గుర్తింపని విషయము నొకదానిని అతడు పట్టుకొనెను. బీరును చెఱచునవి పుల్లలవంటి జీవులు మాత్రమే కావు. ఈస్టులోనే మేలుజాతులును అడవిజాతులును గలవు. 1883లో హాన్సెన్ ఒకే ఒక కణమును వేఱుచేసి, దానినుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. జాకబ్‌సన్ ఆ ఈస్టును తనకే దాచుకొనక, కోరిన యితర కర్మాగారములకును పంచియిచ్చెను.

లీబిగ్‌తో జరిగిన వివాదమునకును కాలమే తీర్పు చెప్పెను. పాశ్చరు మరణించిన పిమ్మట 1897లో బుక్నర్ అను జర్మనీ శాస్త్రజ్ఞుడు ఈస్టును ఇసుకతో నూఱి, రసము పిండి, ఆ రసములో చక్కెర వేసెను. సజీవకణము లేకపోయినను చక్కెర మద్యసారముగ మాఱెను. ఈస్టు సజీవమనుటలో పాశ్చరు మాట సత్యము. ఆ జీవి తన పనిని ఎంజైములను రసాయన ద్రవ్యములచేతనే చేయుచున్నది గనుక, ఇది రసాయన వ్యాపారమని పట్టుబట్టిన లీబిగ్ మాటలోను కొంత సత్యము గలదు. సత్యము ఒక్క పండితుని సొత్తును కాదు, ఒక్క దేశపు సొత్తును కాదు.

పాశ్చరు తన కడపటి దశాబ్దములలో కోళ్ళకు, గొఱ్ఱెలకు వచ్చు రోగములకు టీకాలను కనుగొనెను. 1885 జూలై 6న పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలుని తల్లి అతనికడకు తెచ్చెను. అప్పటికి జర్మనీ యేలుబడిలో నున్న అల్సాసునుండి వచ్చిన బాలుడతడు. అంతవరకు ఆ మందును కుక్కలపై పరీక్షించినారు గాని, మనుష్యునిపై దాని గుణము నిశ్చయము కాలేదు. టీకా వికటించినచో బాలుని ప్రాణమునకు ముప్పు. మిన్నకున్నను మరణము తప్పకపోవచ్చును. పాశ్చరు నిద్రలేని రాత్రులు గడిపెను. బాలుడు బ్రతికెను. ప్రజలిచ్చిన చందాలతో 1888లో పారిస్ నగరమున పాశ్చరు సంస్థ వెలసెను. అతని పేర మన దేశమునను 1900లో కసౌలీయందును, 1907లో నీలగిరులలోని కూనూరునందును సంస్థలు ఏర్పడి, కుక్కకాటు బాధితులకు చికిత్స నందించినవి.

1892 డిసెంబరు 27న పాశ్చరు డెబ్బదియవ జన్మదినమును పారిస్ నగరమున వైభవముతో జరిపిరి. అనేక దేశముల పండితులు వచ్చిరి. లిస్టర్ ఎదురేగి కౌగిలించుకొనెను. పాశ్చరు గొంతు బలహీనమై యుండుటచే, అతని ప్రసంగమును కుమారుడు చదివెను. ఇరువదియొక్క యేండ్ల క్రిందట మంచులో వెదకి తెచ్చుకొన్న కుమారుడే అతడు. అజ్ఞానమును యుద్ధమును శాస్త్రమును శాంతియు జయించుననియు, జాతులు నాశనమునకు గాక నిర్మాణమునకై ఏకమగుననియు తన నమ్మకమని ఆ ప్రసంగములో పాశ్చరు తెలియజేసెను. ప్రతీకారపు బీరు చేయబూనిన మనుష్యుడే ఆ మాటలు వ్రాసెను.

1895 సెప్టెంబరు 28న పాశ్చరు కన్నుమూసెను. పారిస్ నగరమున అతని సంస్థలోనే అతని సమాధి గలదు. ఆ మందిరపు గోడలను అతని జీవితములోని పనులను తెలుపు చిత్రములతో అలంకరించిరి. గొఱ్ఱెలు, కుక్కలు, మల్బరీ కొమ్మలు, ద్రాక్షతీగలు అందు గలవు. వాని నడుమ హాప్స్ తీగయు అల్లుకొనియున్నది.